మనోవ్యాధికి మందు లేదా?

- ఒక పూర్వ విద్యార్థిని

"మనోవ్యాధికి మందు లేదు" అని మనవాళ్ళు ఏనాటినుంచో అంటూ వస్తున్నారు. ఆ మాటలో సగం నిజం వుంది. మాత్రతోనో సూదిమందుతోనో తీరని బాధలు మనసుకి వుంటాయన్నది నిజమే. అంతమాత్రాన వాటికి చికిత్సే లేదనుకోవటం మాత్రం సరికాదు. ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడుతూ, మాట్లాడిస్తూ, ఒక పద్ధతి ప్రకారం వారాల తరబడి చేసే చికిత్స ఒకటి వుంది. దాన్నే సైకోథెరపీ అంటారు. మానసిక చికిత్స అని మనం అనుకోవచ్చు. మన కళాశాలలో ఎకనామిక్స్, ఫిలాసఫీలతోపాటు సైకాలజీ కూడా ఒక సబ్జెక్టుగా బి.ఏ. చదివి బయటికి వెళ్ళిన నేను, చాలా ఏళ్ళుగా చేస్తున్న పని అదే.

ప్రతి ఏడూ ఫలితాలు వచ్చే రోజుల్లో మన విద్యార్థులు నలుగురైదుగురు ఫోను చేస్తారు. "మేడమ్, సైకోథెరపిస్టు కావాలంటే ఏం చదవాలి?" అని అడుగుతారు. విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబేదో అందరికీ కలిపి చెప్పేస్తే పోలేదా అనిపించింది. అయితే ఏం చదవాలి అన్నది నిజానికి రెండో ప్రశ్న. ఆ పని ఎలాంటిది, అది నాకు సరిపడుతుందా అన్నది మొదటి ప్రశ్న. అక్కణ్ణుంచే మొదలు పెడతాను.

ఒక మాట ముందుగానే మనవి చేసుకుంటాను. ఈ వ్యాసంలో నా దగ్గరికి వచ్చిన ఒక్కరి కథ కూడా చెప్పను. పేరు మార్చి కూడా చెప్పను. ఎందుకు చెప్పనో చదువుతూ వుంటే మీకే తెలుస్తుంది.

ఎవరు ఎవరు?

ముందు పేర్ల తికమక తీర్చుకుందాం. సైకియాట్రిస్టు అంటే యం.బి.బి.యస్. చదివి, ఆ మీదట మానసిక వైద్యంలో మూడేళ్ళు యం.డి. చేసిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే సైకాలజీలో యం.ఏ. గాని యం.యస్‌సి. గాని పూర్తిచేసి, తర్వాత ఆసుపత్రిలో వుండి శిక్షణ పొందినవారు. వీరు మానసిక పరీక్షలు చేస్తారు, మాటల చికిత్స చేస్తారు, మందులు రాయరు. సోషల్ వర్కులో పట్టా తీసుకుని మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు. స్కూళ్ళలో, కాలేజీల్లో, కంపెనీల్లో చదువు, ఉద్యోగం, సంసారం వంటి ఇబ్బందుల గురించి సలహా సంప్రదింపులు జరిపేవారు కౌన్సెలర్లు.

మరి సైకోథెరపిస్టు ఎవరు? పైవాళ్ళలో తగిన శిక్షణ వున్న ఎవరైనా కావచ్చు. మన దేశంలో సైకోథెరపిస్టు అన్న పేరుకి విడిగా లైసెన్సు లేదు. చిక్కంతా అక్కడే వుంది. నాలుగు ఆదివారాలు కోర్సు చేసి గోడకి సర్టిఫికెట్ తగిలించినా ఆ పేరే, పదేళ్ళు కష్టపడి నేర్చుకున్నా ఆ పేరే. వచ్చే మనిషికి తేడా తెలియదు. తన బతుకులోకెల్లా రహస్యమైన మాటని తీసుకొచ్చి మన ముందు పెడతాడు. దాన్ని పట్టుకోవటం రానివాడి చేతిలో పెడితే, వచ్చినప్పటికన్నా ఎక్కువ బాధతో వెనక్కి వెళతాడు. కొందరు మరెక్కడికీ వెళ్ళరు. ఈ వృత్తిలోకి రాదలచినవాళ్ళు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

సినిమాల్లో చూపించినట్టు పడకకుర్చీ, ఊగే లోలకం, "నీ బాల్యంలోకి వెళ్ళు" అనే గంభీరమైన గొంతు, ఇవేమీ వుండవు. రెండు కుర్చీలు, ఒక గడియారం, బయటికి మాట వినపడని తలుపు. వారానికి ఒకసారి, ముప్పావు గంటో యాభై నిమిషాలో.

ఈ పద్ధతికి పునాది వియన్నాలో పడింది. బ్రాయర్, ఫ్రాయిడ్ ఇద్దరూ కలిసి 1895లో హిస్టీరియా మీద ఒక పుస్తకం ప్రచురించారు. అందులో "మాటల వైద్యం" అన్న పేరు పెట్టింది డాక్టర్లు కాదు, చికిత్స పొందిన ఒక యువతి. ఆ గాలి మన దేశానికి ఆలస్యంగా ఏమీ రాలేదు. 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఆ తర్వాత దారులు చీలాయి. అమెరికాలో కార్ల్ రోజర్స్, చికిత్సకుడు పండితుడిలా బోధించకుండా, ఎదుటి మనిషిని మనస్ఫూర్తిగా అర్థం చేసుకుంటే చాలావరకు పని జరుగుతుందన్నాడు. 1960లలో ఆరన్ బెక్, కుంగిపోయిన మనిషి ఆలోచనల్లోనే ఒక వంకర వుంటుందనీ, దాన్ని అతని చేతనే పరీక్షింపజేయవచ్చుననీ చూపించాడు. దీన్నుంచి పుట్టినదే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో వున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఎవరి కథా కాదు, పాఠ్యపుస్తకంలో వుండే మనిషి.

ఒక కుర్రాడు బస్సులో కూర్చున్నాడు. మండుటెండ. రాత్రి నిద్ర లేదు. పొద్దున్నుంచీ మూడు కాఫీలు తాగాడు. గుండె దడదడలాడింది. "నా గుండె ఆగిపోతోంది" అనుకున్నాడు. భయం వేసింది. భయం వేస్తే ఒంట్లో ఎడ్రినలిన్ వూరుతుంది, గుండె ఇంకా జోరుగా కొట్టుకుంటుంది. ఊపిరి గబగబా తీస్తాడు. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కళ్ళు తిరుగుతాయి. "అనుకున్నంతా అయింది" అని వాడికి ఇంకా భయం. బస్సు ఆపించి దిగిపోయాడు. పది నిమిషాలకి దడ తగ్గింది. అప్పుడు మనసు ఒక తప్పుడు పాఠం నేర్చుకుంది: దిగాను కాబట్టి బతికాను అని. మర్నాటి నుంచి బస్సు ఎక్కడు. కొన్నాళ్ళకి సినిమాహాలుకి వెళ్ళడు. ఆఖరికి పరీక్ష హాలుకి కూడా వెళ్ళలేడు. ఇంట్లోవాళ్ళు "పిరికితనం" అంటారు, స్నేహితులు "వేషాలు" అంటారు. ఈ విషవలయాన్ని డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1986లో స్పష్టంగా వివరించాడు.

ఇక్కడ థెరపిస్టు చేసేదేమిటి? ముందు డాక్టరు చేత గుండె, థైరాయిడ్ పరీక్ష చేయించమంటాం. తర్వాత ఆ వలయాన్ని కాగితం మీద అతని చేతనే గీయిస్తాం. గదిలో మన ఎదుటే రెండు నిమిషాలు గబగబా ఊపిరి తీయిస్తాం. అవే తిమ్మిర్లు, అదే కళ్ళు తిరగటం వస్తాయి. కుర్చీలో కూర్చున్నవాడికి అదే వచ్చిందంటే అది గుండెజబ్బు కాదని మనం చెప్పక్కర్లేదు, ఒళ్ళే చెపుతుంది. ఆ పైన ఒక స్టాపు, రెండు స్టాపులు, ఆఖరికి పూర్తి ప్రయాణం. భయం వచ్చినా దిగకుండా, అది దానంతటదే తగ్గేదాకా కూర్చోవాలి. పది పన్నెండు వారాల్లో చాలామంది మళ్ళీ తమ దారిన తాము వెళ్ళిపోతారు.

ఇందులో "ధైర్యంగా వుండు బాబూ" అనే మాట ఎక్కడా లేదని గమనించండి. ధైర్యం చెప్పేవాళ్ళు ఇంటినిండా వున్నారు. దానికి రెండేళ్ళ శిక్షణ అక్కర్లేదు.

దీనితో నయమవుతుందా?

ఈ సందేహం మీకే కాదు, పెద్దపెద్దవాళ్ళకీ వచ్చింది. లండన్‌లో హాన్స్ ఐసెంక్ 1952లో ఒక వ్యాసం రాసి, సైకోథెరపీ వల్ల ప్రయోజనం వుందని రుజువే లేదు పొమ్మన్నాడు. ఆ దెబ్బకి పరిశోధన మొదలయింది. 1977లో స్మిత్, గ్లాస్ అనే ఇద్దరు అప్పటికి జరిగిన సుమారు 375 పరిశీలనల ఫలితాలు గుదిగుచ్చి లెక్క కట్టారు. చికిత్స పొందిన సగటు మనిషి, చికిత్స పొందనివారిలో నూటికి 75 మంది కన్నా మెరుగ్గా వున్నాడని తేలింది. ఏ పద్ధతి అన్నదానితో పాటు చికిత్సకుడికీ వచ్చినవారికీ మధ్య కుదిరే పొత్తు కూడా ముఖ్యమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. దేనికోసం పని చేస్తున్నాం, ఎలా చేస్తున్నాం, ఒకరినొకరు నమ్ముతున్నామా అన్న మూడూ అందులోకి వస్తాయి.

అలాగని దీనితో అన్నీ నయమవుతాయని ఎవరూ అనుకోకూడదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రమైన జబ్బులకి మందులు కావాలి. మాటల చికిత్స వాటికి తోడుగా నిలుస్తుందేగాని వాటి స్థానంలోకి రాదు. థైరాయిడ్ తక్కువైన మనిషి కూడా కుంగిపోయినట్టే కనిపిస్తాడు. ఎప్పుడు తాను ఆగి డాక్టరు దగ్గరికి పంపించాలో తెలిసినవాడే నమ్మదగ్గ థెరపిస్టు.

అవసరం ఎంత?

నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత వుంది. రుగ్మతని బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందక వుండిపోయారు. 2022లో ఆత్మహత్యల వల్ల మరణించిన విద్యార్థులు, ప్రభుత్వ లెక్కల ప్రకారమే 13 వేలకు పైగా వున్నారు.

వైజాగులో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో ఏర్పాటు చేసుకోవాలన్నది అందులో ఒకటి. ఆదేశమైతే వచ్చింది. అంతమంది అర్హులు ఎక్కడినుంచి రావాలి? మీలోంచే రావాలి.

డిగ్రీలున్నవారే అన్నీ చెయ్యాలని కూడా లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, సైకాలజీ చదవని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో వున్నవారికి ఆరు నుంచి ఎనిమిది సార్లు మాటల చికిత్స చేయించారు. మంచి ఫలితాలు వచ్చాయని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అయితే వాళ్ళు చేసిన పనిని ఎప్పటికప్పుడు కలిసి కూర్చుని పరిశీలించుకునే ఏర్పాటు అక్కడ వుందన్న సంగతి మరిచిపోకూడదు. ఈ వృత్తిలో అలాంటి పర్యవేక్షణ చాలా ముఖ్యం.

ఏం చదవాలి?

డిగ్రీలో సైకాలజీ వుంటే మంచిదే. తర్వాత యం.ఏ. గాని యం.యస్‌సి. గాని రెండేళ్ళు. మన ప్రాంతంలో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో సైకాలజీ శాఖలున్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో కె. రామకృష్ణారావు గారు నెలకొల్పిన శాఖ పేరు దేశదేశాల్లో వినిపించింది.

యం.ఏ. పట్టా చేతికొచ్చింది గదా అని బోర్డు కట్టకూడదు. ఇల్లు అలకగానే పండగ కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్.సి.ఐ. గుర్తించిన శిక్షణ కావాలి. చాలా ఏళ్ళపాటు ఆ శిక్షణకి పేరు యం.ఫిల్. రెండేళ్ళు పూర్తికాలం, ఆసుపత్రిలోనే. బెంగుళూరు నిమ్‌హాన్స్, రాంచీలోని కేంద్ర మనశ్చికిత్సా సంస్థ దీనికి పాత పేరున్న చోట్లు. హైదరాబాదు, సికింద్రాబాదులలో కూడా ఈ శిక్షణ జరిగింది. 2022లో యు.జి.సి. యం.ఫిల్. పట్టాని ఎత్తివేసింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్కుకీ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువు పెంచింది. దాని స్థానంలోకి కొత్త పేర్లతో కోర్సులు వచ్చాయి. పేరు ఏదైనా కానివ్వండి, ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకి, ఆ సంస్థకి, ఆ ఏడాదికి ఆర్.సి.ఐ. గుర్తింపు వుందో లేదో స్వయంగా చూసుకోండి. "వచ్చేస్తుంది, ప్రాసెస్‌లో వుంది" అన్న మాట నమ్మి చేరకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో క్లినికల్ సైకాలజిస్టుకి ఇచ్చిన నిర్వచనంలో పర్యవేక్షణతో కూడిన శిక్షణ అన్న మాట స్పష్టంగా వుంది.

ఆ రెండేళ్ళూ సుఖంగా వుండవు. ఉదయం వార్డు, మధ్యాహ్నం పరీక్షలు, సాయంత్రం మీరు రోగితో మాట్లాడినదాన్ని పూసగుచ్చినట్టు రాసి గురువుగారి ముందు పెట్టటం. "ఇక్కడ ఆవిడ ఏడ్చింది, నువ్వు వెంటనే మాట మార్చావు, ఎందుకు?" అని అడుగుతారు. జవాబు మన లోపలే ఎక్కడో వుంటుంది. అది వెతుక్కోవటమే శిక్షణ.

తెలుగులో చేసే పని

చదువంతా ఇంగ్లీషులో. వచ్చే మనుషులంతా తెలుగులో. "డిప్రెషన్" అని ఎవరూ మొదలుపెట్టరు. "ఏదీ తోచటం లేదండీ", "గుండె బరువుగా వుంది", "ఒళ్ళంతా మంటలు", "తల దిమ్ముగా వుంటుంది" అంటారు. బెంగ, దిగులు, గుబులు, బెదురు ఒకటి కావు. బెంగ దూరమైన మనిషి మీద, విడిచివచ్చిన ఊరి మీద పెట్టుకునేది. హాస్టల్లో మొదటి నెల వచ్చేది అదే. దిగులు జరిగినదాని గురించో, తీరనిదాని గురించో. గుబులు ఇంకా జరగనిదాని గురించి. బెదురు ఒంటికి పట్టేది. ఈ నాలుగింటినీ ఒకే ఇంగ్లీషు మాట కింద రాసేసుకుంటే ఎదుటి మనిషి సగం జారిపోతాడు. పల్లెటూరి నుంచి వచ్చి, ఇంగ్లీషు సరిగా రాదని కుంగిపోయే విద్యార్థులకి నేను చెప్పేది ఇదే: మీ అమ్మమ్మ మాట్లాడే తెలుగు ఈ వృత్తిలో మీకు గొప్ప ఆస్తి.

ఇంకో సంగతి. మన దగ్గర మనిషి ఒంటరిగా రాడు. వెంట అమ్మ వస్తుంది, మేనమామ వస్తాడు, వాళ్ళూ లోపలికి వస్తామంటారు. పాశ్చాత్యుల పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ. అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు కుటుంబాన్ని కూడా వుంచి వైద్యం చేశాడు. కుటుంబాన్ని అడ్డంకి అనుకోకుండా, అవసరమైనప్పుడు మర్యాదగా గది బయట కూర్చోబెట్టగలగటం మనం నేర్చుకోవాలి.

సిగ్గు సంగతి సరే సరి. ఎర్రగడ్డ, చినవాల్తేరు అనేవి రెండు ఊరి పేర్లు. అక్కడ ఆసుపత్రులున్న పాపానికి అవి తిట్లయి కూర్చున్నాయి. మన కాలేజీ క్యాంటీనులో కూడా ఆ తిట్టు వినబడుతుంది. పక్కన కూర్చున్నవాడు నిజంగానే ఆసుపత్రికి వెళదామా అని ఆలోచిస్తూ వుంటే, ఆ మాట విన్నాక ఇంక వెళ్ళడు.

ఎవరికి సరిపడుతుంది?

"అందరూ నాకే కష్టాలు చెప్పుకుంటారు, అంచేత ఈ లైను తీసుకుందామనుకుంటున్నా" అంటారు కొందరు. మంచి మొదలే. అయితే ఆ కష్టం విన్నాక మీరేం చేస్తారు? వెంటనే సలహా ఇచ్చేస్తారా? మీ కథ మొదలెడతారా? మర్నాడు ఇంకొకరికి చెపుతారా? ఒక మనిషి ఏడుస్తూ వుంటే ఏమీ చెయ్యకుండా, పారిపోకుండా, పక్కన కూర్చోగలరా? ఇవి మిమ్మల్ని మీరు వేసుకోవలసిన ప్రశ్నలు.

"నేను బాధ పడ్డాను, అందుకే ఇతరుల బాధ తీర్చాలని వుంది" అంటారు ఇంకొందరు. ఇదీ తప్పు కాదు. కానీ ముందు మీ బాధకి మీరు చికిత్స పొందండి. మానని గాయంతో వచ్చినవాళ్ళు ఎదుటివాడిలో తమనే చూసుకుంటారు.

రహస్యం కాపాడటం చట్టం పెట్టిన బాధ్యత కూడా. 2017 చట్టం అది రోగి హక్కు అంటుంది. ప్రాణానికి ముప్పు వున్నప్పుడు దానికి మినహాయింపు వుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అధికారులకి చెప్పి తీరాలి. ఈ హద్దులు మొదటి రోజే వచ్చినవారికి చెప్పాలి. బంధువులకీ, స్నేహితులకీ చికిత్స చెయ్యకూడదు. పెళ్ళిలో ఎదురైనా ముందు మనం పలకరించకూడదు. ఇన్ని రహస్యాలు మోస్తూ ఇంటికి వచ్చి మామూలుగా అన్నం తినాలి. ఎంత జాగ్రత్తగా చేసినా అందరూ కోలుకోరు. మనం చూస్తున్న మనిషి చనిపోయాడన్న వార్త ఒకనాటికి ఈ వృత్తిలో వున్న ఎవరికైనా రావచ్చు. దాన్ని తట్టుకోవటానికి కూడా మనకో గురువు, నలుగురు తోటివాళ్ళు వుండాలి.

డబ్బు సంగతి దాచను. మొదటి కొన్నేళ్ళు ఆసుపత్రుల్లోనూ, స్కూళ్ళలోనూ జీతాలు తక్కువే. ఇంజనీరింగ్ చదివిన తమ్ముడితో పోల్చుకుంటే ఇంట్లో మాట పడాల్సి రావచ్చు. మందులకి వందలు ఖర్చు పెట్టేవాళ్ళు కూడా "మాటలకి డబ్బులా?" అంటారు. సొంత ప్రాక్టీసు నిలదొక్కుకోవటానికి ఏళ్ళు పడుతుంది. నిదానంగా నిలబడుతుంది.

ఈ లోపల

విద్యార్థి మిత్రులు ఇవాళే చెయ్యగలిగింది ఒకటుంది. హాస్టల్లో పక్క గదివాడు తిండి మానేశాడు, క్లాసులకి రావటం లేదు, తన వస్తువులు పంచిపెడుతున్నాడు, "నేను లేకపోతే అందరికీ హాయి" అంటున్నాడు అనుకోండి. చికిత్స చెయ్యబోకండి. వెళ్ళి కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగటం వల్ల మనిషికి వూరట కలుగుతుందే కాని ముప్పు పెరగదని పరిశోధనలు చెపుతున్నాయి. అవునంటే ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. వార్డెనుకో, లెక్చరరుకో చెప్పి, ఆసుపత్రికి మీరే తోడు వెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కి 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. కేసు అవుతుందేమోనని కొందరు భయపడతారు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించి, శిక్షించకుండా సంరక్షణ కల్పించాలని 2017 చట్టం 115వ సెక్షను చెపుతోంది.

ఇదంతా చదివాక కూడా మీలో ఒకరిద్దరికి ఈ దారి మీదే మనసు వుంటే సంతోషం. చివరి సంవత్సరం దాకా ఆగకుండా మన సైకాలజీ శాఖలోని అధ్యాపకులను ఇప్పుడే కలవండి. వీలైతే ఏదైనా ఆసుపత్రిలో గాని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో గాని ఒక సెలవంతా సహాయకులుగా పని చేసి చూడండి. ఆ తర్వాత సందేహాలు వస్తే శాఖ ద్వారా నాకు రాయండి. ఆలస్యమైనా సరే, జవాబు రాస్తాను.